కారణం లేని కాగితం నిలబడదు

ఒంటిగంటకి జడ్జిగారు భోజనానికి లేచారు, రెండింటికి తిరిగొచ్చి మా తమ్ముడికి ఎన్నేళ్లో చెబుతారు. నేరం రుజువైందని పొద్దున్నే చెప్పేశారు, ఇంక మిగిలింది అంకె ఒక్కటే. ఈ గంటసేపూ నేను ఈ వరండాలో బెంచీ మీద కూర్చోవాలి, పక్కన అమ్మ, ఎదురు బెంచీలో చచ్చిపోయినవాడి పెళ్లాం, మధ్యలో ఫినాయిలు పోసి తుడిచిన నేల, ఇంకా ఆరలేదు. ఇరవై రెండేళ్లు ఈ కోర్టు గేటు బయట రేకు కింద కూర్చుని జనానికి అర్జీలు టైపు కొట్టినదాన్ని, లోపలి బెంచీ ఇంత గట్టిగా ఉంటుందని ఇవాళే తెలిసింది. రెండింటికి జడ్జిగారు వాణ్ని నిలబెట్టి ఒక మాట అడుగుతారు, శిక్ష గురించి నువ్వేమైనా చెప్పుకునేది ఉందా అని. అందరినీ అడిగేదే. చాలామంది ఏడుస్తారు, కొందరు ఇంట్లో ముసలివాళ్లున్నారంటారు. మావాడు అప్పుడు నోరు తెరిచి ఉన్నదున్నట్టు ఒక్క ముక్క చెప్పాడంటే నా పని అయిపోతుంది. ఆ రోజు కారులో వాడి పక్క సీట్లో నేనున్నాను. పోనీరా అన్నది నేను. ఈ సంగతి భూమ్మీద ఇద్దరికే తెలుసు, ఒకడు ఆ తలుపు వెనక గదిలో కానిస్టేబుల్ కాపలాలో కూర్చున్నాడు, రెండోదాన్ని ఇక్కడున్నాను.

అమ్మ ఒళ్లో డబ్బా పెట్టుకుని మూత తీసింది, తినవే అంటుంది. కొడుకుని లోపలేస్తుంటే ఈవిడకి వేళకి ఆకలేస్తుంది, వెయ్యనీ, ఆవిడ తప్పేముంది, నేనున్నానని ధైర్యం. "నువ్వుండబట్టి సరిపోయిందే. నీకు తెలియని చట్టమా. తమ్ముణ్ని గాలికొదిలేస్తావా ఏంటి?" అని ఆరు నెలలుగా ఇదే పాట. వదిలెయ్యనమ్మా, తిను. ముప్పై నాలుగేళ్లొచ్చినా వాడు ఇంట్లో బుడ్డోడే. వాడికీ నాకూ పదకొండేళ్లు తేడా, చంకనేసుకుని తిప్పింది నేను, అక్షరాలు దిద్దించింది నేను, దిద్దకపోతే వీపు విమానం మోత మోగించింది కూడా నేనే. పాఠం అప్పజెప్పేటప్పుడు నా మొహంలోకే చూసేవాడు, నా కనుబొమ్మ కాస్త లేస్తే చాలు, నోట్లో మాట మింగేసి ఇంకో మాట చెప్పేవాడు, తెలిసిన జవాబు కూడా మింగేసేవాడు, దరిద్రుడు. నోట్లో నాలుక లేనివాడు అని చుట్టాలంతా అనేవాళ్లు. ఎందుకు లేదూ, ఉంది, అది నా గుప్పిట్లో ఉంది. పెద్దయ్యాక అద్దాల తొట్లలో చేపలు పెంచి అమ్మే కొట్టు పెట్టుకున్నాడు. మనుషులతో మాట్లాడలేనివాడికి అంతకన్నా మంచి వ్యాపారం లేదు, సరుకు నోరెత్తదు. అప్పుడు నేను చాలా నవ్వాను.

నవ్వినదాన్ని ఆ రోజు వాడి కారే ఎక్కాను. మధ్యాహ్నం మూడు దాటింది, వాన, అద్దం మీద వైపరు ఒకటి పనిచేస్తోంది, రెండోది చచ్చింది, నా వైపుది. వెనక సీటు నిండా నీళ్లు పోసి గాలి కొట్టి ముడేసిన ప్లాస్టిక్ సంచులు, వాటిలో చేపలు, మలుపు తిరిగినప్పుడల్లా సంచులన్నీ ఒకదాని మీద ఒకటి ఒరిగేవి. నాలుగింటికి నేను లైసెన్సు ఆఫీసులో ఉండాలి. దస్తావేజులు రాసే లైసెన్సు, ఇరవై రెండేళ్లుగా అడుగుతున్న లైసెన్సు, అది వస్తే రేకు కింద నుంచి లేచి గేటు లోపల గదిలో కూర్చోవచ్చు, తలుపున్న గది, ఫ్యానున్న గది. నాలుగు దాటితే ఆ ఆఫీసరు లేచిపోతాడు, మర్నాడు బదిలీ మీద వెళ్లిపోతున్నాడు, కొత్తవాడు వస్తే మళ్లీ మొదటికి. తొందరగా పోనియ్యరా అని మూడుసార్లన్నాను. వాడు పోనిచ్చాడు, నేనంటే పోనిస్తాడు. సందులోంచి సైకిలు ముక్కు కనబడింది, తర్వాత చప్పుడు, తలుపు గట్టిగా వేసినట్టు, అంతే, అంతకన్నా పెద్ద చప్పుడేం కాదు. వాడు ఆపాడు. తలుపు తీసి ఒక కాలు రోడ్డు మీద పెట్టాడు కూడా, చెప్పు నీళ్లలో మునిగింది, నేను చూశాను. వెనక్కి చూస్తే కత్తులకి సానపట్టేవాడు, సైకిలుకి బిగించిన సానరాయి పక్కకి పడి ఇంకా తిరుగుతోంది, మనిషి దాని పక్కన. "అక్కా, చెయ్యెత్తుతున్నాడే," అన్నాడు బుడ్డోడు. నిజమే, ఎత్తుతున్నాడు, బడిలో జవాబు తెలిసిన పిల్లాడిలా మోచెయ్యి దాకా. నేను గడియారం చూసుకున్నాను. మూడు నలభై. "తలుపెయ్యి. ఎవరో ఒకరు చూస్తారు. పోనీ," అన్నాను. వాడు కాలు లోపలికి తీసుకున్నాడు.

నాలుగుకి ఐదు నిమిషాలుండగా ఆఫీసు మెట్లెక్కాను. చేతులు వణకలేదు, వణికాయని చెబితే బాగుంటుంది గానీ వణకలేదు. ఆఫీసరు కాగితం చూసి, మీ మీద గానీ మీరు పాలుపంచుకున్న విషయంలో గానీ పోలీసు కేసేమైనా ఉందా అన్నాడు. అదొక ప్రశ్న ఆ ఫారంలో, పదకొండో ప్రశ్న, నేనే వందమందికి నింపాను. లేదు అని రాసి సంతకం పెట్టాను. అబద్ధం కాదు, అప్పటికింకా కేసు లేదు.

ఆ రాత్రి వాడు అన్నం దగ్గర కూర్చుని లేచిపోయాడు. మర్నాడు స్టేషన్‌కి వెళ్లొస్తానక్కా అన్నాడు, నేనే కొట్టానని చెప్పేస్తానన్నాడు. సోమవారం దాకా ఆగరా అన్నాను. లైసెన్సు కాగితం సోమవారం చేతికొస్తుంది, అది వాడికి చెప్పలేదు, నిదానంగా లాయరుతో మాట్లాడి వెళ్దాం అని మాత్రం చెప్పాను. పోలీసులు శనివారమే వచ్చారు, ఎవరో పాలబూతు వాడు కారు నంబరు చూశాట్ట. వాణ్ని తీసుకుపోతుంటే చెప్పులు తిరగేసి వేసుకున్నాడు, ఎడమది కుడికి. సోమవారం నేను లైసెన్సు తెచ్చుకున్నాను.

లాయరు గారు మంచాయన, నా రేకు కింద టీ తాగుతూ పైకొచ్చినవాడే, అందుకని దాపరికం లేకుండా చెప్పాడు. "చూడమ్మా, గుద్దడం ఒక నేరం, గుద్ది వెళ్లిపోవడం ఇంకో నేరం. మొదటిదానికి పెద్దగా ఏమీ ఉండేది కాదు. వాన, సందులోంచి సైకిలు అడ్డమొచ్చింది, మనవాడు తాగలేదు, వేగం కూడా మరీ ఏం కాదు. ఆగి, ఆ మనిషిని కారులో వేసుకుని ఆస్పత్రికి తీసుకెళ్లుంటే జరిమానాతో పోయేది. ఆ సాయంత్రం తనంతట తను స్టేషన్‌కి వెళ్లినా సగం తగ్గేది. బతికున్నవాణ్ని చూసి కూడా వదిలేసి పోయాడు కాబట్టి ఇప్పుడు ఏళ్లు పడతాయి. బండి లైసెన్సు జీవితాంతం పోతుంది. పారిపోయాడని బీమావాళ్లు కూడా చేతులెత్తేశారు." గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడమంటే ఇదేగా. తర్వాత ఆయన గ్లాసు కింద పెట్టి, గొంతు తగ్గించి అడిగాడు. "ఒక్కడే ఉన్నాడా కారులో? పక్కన పెద్దవాళ్లెవరైనా ఉండి పోనీ అని ఉంటే చెప్పండి. బరువు ఇద్దరి మీద పడుతుంది, వీడికి బాగా తగ్గుతుంది." ఒక్కడే సార్ అన్నాను. అంతే, నాలుక తడబడలేదు, టీ ఇంకొంచెం పొయ్యనా అని కూడా అడిగాను.

ఇక సంజాయిషీ. ఎందుకు వెళ్లిపోయావు అన్నదానికి వాడు రాతలో జవాబియ్యాలి, ఆ రాత నేనే రాశాను, ఇంకెవరు రాస్తారు. రేకు కింద కూర్చున్న మొదటిరోజే నేర్చుకున్నాను, కారణం లేని కాగితం నిలబడదు. ఆలస్యమైతే ఎందుకైందో రాయాలి, రాకపోతే ఎందుకు రాలేదో రాయాలి, జ్వరమో పెళ్లో చావో, ఏదో ఒకటి ఆ జాగాలో ఉండాలి, ఖాళీ ఉంటే ఆఫీసరు మొహాన కొడతాడు. అలా కారణాలు కుట్టి ఎంతమందిని గట్టెక్కించానో. మరి వీడికి కారణం ఏం రాయాలి. భయమేసింది అని రాస్తే సరిపోయేది, లాయరు గారు తర్వాత తలకొట్టుకుని అదే అన్నాడు, భయమన్న ఒక్క ముక్క రాస్తే జడ్జీలు కూడా మనుషులేగా అన్నాడు. నా బుర్రకి అది తట్టలేదు. ఇరవై రెండేళ్లలో ఏ అర్జీలోనూ భయం రాయలేదు నేను, భయాన్ని ఎవడూ కారణం కింద తీసుకోడు, దానికి రసీదుండదు, సాక్ష్యముండదు. చూపించగలిగిన కారణం కావాలి. కారు వెనక సీటు తడిసి ఉంది, పోలీసుల ఫోటోలోనే ఉంది. చకచకా కొట్టేశాను, "కారులోనున్న చేపలు ఊపిరాడక చనిపోవునను ఆందోళనతో, గత్యంతరము లేక, అక్కడినుండి వెళ్ళిపోయితిని." చదివి వినిపిస్తే వాడు తెల్లబోయి చూశాడు. "చేపల కోసం కాదు కదక్కా," అన్నాడు. నా కనుబొమ్మ లేచింది. సంతకం పెట్టాడు.

అడుసు తొక్కనేల అని ఇప్పుడనుకుని ఏం లాభం. ప్రభుత్వం తరఫు లాయరు ఆ వాక్యాన్ని నాలుగుసార్లు చదివాడు, చదివిన ప్రతిసారీ కాగితం దించి వాడి మొహంలోకి చూశాడు. ఒకవైపు మనిషి, చెయ్యెత్తి పిలిచాడని ఈయనే పోలీసులకి చెప్పిన మనిషి, ఇంకోవైపు సంచిలో చేపలు, ఈయనకి ఏవి ముఖ్యమనిపించాయో ఈయనే రాసిచ్చాడు అన్నాడు. వెనక బెంచీల్లో ఎవరో నవ్వారు కూడా. పేపర్లో చేపలవాడు అని వేశారు. కొట్టు అద్దాలు రెండుసార్లు పగలగొట్టారు, ఒకసారి తొట్టి కూడా. ఆస్పత్రి డాక్టరు వచ్చి, ఆ మనిషి నలభై నిమిషాలు బతికే ఉన్నాడు, ఇరవై నిమిషాల్లో తెచ్చుంటే నిలబడేవాడని ఉత్తరం చదివినట్టు చెప్పి వెళ్లిపోయాడు. నలభై నిమిషాలు. అంటే నేను మెట్లెక్కి, కుర్చీలో కూర్చుని, పదకొండో ప్రశ్నకి లేదు అని రాసి, ఆఫీసరు బల్ల మీది పెన్ను నచ్చి దాన్ని తిప్పి చూసి, కిందికి దిగినంతసేపూ. జడ్జిగారు ఇవాళ పొద్దున తీర్పులో ఇదే రాశారు, చేపల ప్రాణానికి ఇచ్చిన విలువ సాటి మనిషి ప్రాణానికి ఇవ్వని ఇతనికి అని. చదువుతుంటే నాకు ఒకటే అనిపించింది, వాక్యం బాగా కుదిరింది, నా వాక్యం మీద కట్టిన వాక్యం. ఛీ, ఏం మనిషిని నేను.

అదిగో, ఎదురావిడ చూస్తోంది. రోజూ ఒకే సంచి తెస్తుంది, దాన్ని ఒకే వైపు పెడుతుంది, ఎవరితోనూ మాట్లాడదు. తిట్టొచ్చు కదా. జుట్టు పట్టుకోవచ్చు కదా. మొదటిరోజు ఆవిడ తిడుతుందని సిద్ధపడి వచ్చాను, తిడితే తల వంచుకుని ఊరుకుందామని, అలా కొంత తీరిపోతుందని. ఆవిడ అంత దయగల మనిషి కాదు. ఒకటిన్నర అయింది. ఆవిడ లేచింది, తడి నేల మీద జాగ్రత్తగా అడుగులేసుకుంటూ ఇటే వచ్చింది, అమ్మ డబ్బా మూత పెట్టేసింది. నా ముందు నిలబడి, దారి అడిగినట్టు అడిగింది. "ఆ చేపలు బతికాయా?"

ఏం చెప్పాలి. సంచులు రెండు పగిలాయి ఆ కుదుపుకి, నేను ఆఫీసు దగ్గర దిగేటప్పుడు చేపలు వెనక సీటు మీద కొట్టుకుంటున్నాయి, బుడ్డోడు స్టీరింగు పట్టుకుని ముందుకే చూస్తున్నాడు, ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. చేపల్ని పేర్లు పెట్టి పిలిచేవాడు వాటి వైపు తిరగలేదు. అన్నీ చచ్చాయి, అన్నీ, వాడు విప్పకుండా వదిలేసిన సంచుల్లోవి కూడా, సాయంత్రం నేనే తీసి పారేశాను, వాడికి చూపించకుండా. చచ్చాయని చెబితే, మరి దేనికోసం వెళ్లిపోయాడు అంటుంది. బతికాయని చెబితే... "కొన్ని," అన్నాను. ఆవిడ తలూపింది. "పోనీలే, కొన్నైనా," అని వెళ్లి తన చోట కూర్చుంది. వెటకారంగా అందేమోనని మొహం చూశాను, లేదు, అలసిపోయిన మొహం, అంతే. అమ్మ నా చెవిలో, "ఎంత మంచిదే," అంది. అమ్మ నోరు నొక్కేయాలనిపించింది.

ఇప్పుడు లేచి లాయరు గారి గదికి వెళ్లొచ్చు. పాతిక నిమిషాలుంది, పాతికడుగులు. సార్, నేనూ ఉన్నాను కారులో, నేనే పొమ్మన్నాను, అని రెండు ముక్కలు, దానికి టైపు కూడా అక్కర్లేదు. వెళ్తే ఏమవుతుంది, లైసెన్సు పోతుంది, తప్పుడు సంతకం కేసు పడుతుంది, సాక్ష్యం దాచిన కేసు పడుతుంది, గది పోతుంది, తాళం ఇచ్చేయాలి. వాడికి మూడేళ్లు తగ్గొచ్చు, నాలుగూ తగ్గొచ్చు. వాడికి ముప్పై నాలుగు, బయటికొచ్చినా వయసుంటుంది. నాకు నలభై ఐదు, నాకెవరున్నారు, నాకెవరు పెడతారు, అమ్మని ఎవరు చూస్తారు. చూశావా, ఇక్కడ కూడా కారణాలు. అడిగినా అడగకపోయినా వరసగా వచ్చి నిలబడతాయి, ఒక్కోటీ ఉతికి ఇస్త్రీ చేసి ఉంటుంది. నేను లేవలేదు. నిన్న సాయంత్రం కొట్టుకి వెళ్లినప్పుడైనా ఊరుకోవాల్సింది, ఊరుకోలేదు. బెయిలు మీద బయటున్న వాడు మిగిలిన తొట్లకి మేత వేస్తున్నాడు, తను లేకపోతే ఏ తొట్టికి ఎంత వెయ్యాలో చీటీలు రాసి అద్దాలకి అంటిస్తున్నాడు. నేను చెప్పాను, "రేపు జడ్జిగారు ఏమడిగినా కాగితంలో ఉన్నదే చెప్పు. ఇద్దరున్నారంటే కుట్ర కింద తీసుకుంటారు, నీకు రెట్టింపు పడుతుంది." చట్టం అలా లేదు, తలకిందులుగా ఉంది, నాకు తెలియని చట్టమా. వాడు చీటీ అంటించి, బొటనవేలితో నొక్కి, "సరే అక్కా, నువ్వు చెప్పినట్టే చెబుతాను," అన్నాడు. ఇంటికెళ్లి పడుకున్నాను, నిద్ర కూడా పట్టింది.

రెండయింది. బంట్రోతు పిలిచాడు, లోపలికి వెళ్లి మూడో వరసలో కూర్చున్నాం, అమ్మ నా చెయ్యి పట్టుకుంది, నూనె చేతులు. వాణ్ని తెచ్చి బోనులో నిలబెట్టారు. చొక్కా గుండీ ఒకటి తప్పు కాజాలో ఉంది. జడ్జిగారు కళ్లద్దాలు తీసి, అడగాల్సింది అడిగి, అడగాల్సిన అవసరం లేనిది కూడా అడిగారు. "చూడు బాబూ, ఈ చేపల మాట నాకు మింగుడు పడటం లేదు. ఇంత మెత్తగా ఉన్నావు. ఆ రోజు కారులో నువ్వొక్కడివేనా? ఎవరైనా ఉంటే ఇప్పుడు చెప్పు, నీకే మంచిది." లాయరు గారు మెడ తిప్పి నన్ను చూశాడు. ఎదురావిడ కూడా చూసిందో ఏమో, నేను చూడలేదు, నేను బుడ్డోణ్నే చూస్తున్నాను, బుడ్డోడు నన్నే చూస్తున్నాడు, పాఠం అప్పజెప్పేటప్పుడు చూసినట్టే. నేను ఏమీ చెయ్యలేదు. చెయ్యి ఎత్తలేదు, నోరు తెరవలేదు. కనుబొమ్మ లేచిందో లేదో నాకే తెలీదు, ఇప్పటికీ తెలీదు.

"ఎవరూ లేరండి. నేనొక్కణ్నే. చేపలు చచ్చిపోతాయని వెళ్లిపోయానండి," అన్నాడు వాడు.

జడ్జిగారు కళ్లద్దాలు పెట్టుకున్నారు. ఏడేళ్లు. నాకు ముందు ఊపిరాడింది, ఉన్నమాట చెబుతున్నాను, ఏడుపు కాదు, ఊపిరి. ఎంతే, ఎంతేశారు అని అమ్మ గుంజుతోంది, వినబడలేదావిడకి. వాణ్ని పక్క తలుపులోంచి తీసుకుపోతున్నారు, మా వరస పక్కనుంచే దారి, కానిస్టేబుల్ ఒక్క క్షణం ఆగనిచ్చాడు. వాడు నా వైపు వంగి మెల్లగా, "సరిగ్గా చెప్పానా అక్కా?" అన్నాడు. ఎత్తిపొడుపైతే బతికిపోయేదాన్ని, కానీ వాడికి ఎత్తిపొడవడం రాదు, ఎవరూ నేర్పలేదు. సరిగ్గానే చెప్పావు అన్నాను. వాడి మొహం తేటపడింది, వెళ్లిపోయాడు.